ఏడింటికి ఒక గిన్నె

జూన్ 3, శుక్రవారం

మనవరాలికి,

ఈ ఉత్తరం ఇవాళే ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పేస్తాను. లేకపోతే నువ్వు మధ్యలో ఆపి కారణం వెతుక్కుంటావు. మీ సైటు డాక్టరు నుంచి నిన్న మధ్యాహ్నం నాకొక కాగితం వచ్చింది. దగ్గరి బంధువు అనే గడిలో నన్ను రాశావట. పద్నాలుగు నెలలుగా ఒక్క ముక్క రాయని దానివి, ఆ గడి నింపడానికి వేరే ఎవరూ గుర్తుకు రాలేదు కాబోలు.

కాగితంలో ఉన్నది ఇది. మే 31న క్రేను నిచ్చెన దిగుతూ చివరి మెట్ల దగ్గర కళ్ళు తిరిగి కూలబడ్డావు. హిమోగ్లోబిన్ 8.6 ఉంది. క్రేను కుర్చీలో కూర్చునేవాళ్ళకు 11 ఉండాలి. ఆగస్టు 19న మళ్ళీ పరీక్ష. అప్పటిదాకా నేల డ్యూటీ. ఆ రోజుకు 11 రాకపోతే కుర్చీ ఇంకొకరికి ఇస్తారు. నలభై మంది మగవాళ్ళ మధ్య నాలుగేళ్ళు తాళ్ళు కట్టి, గొలుసులు తుడిచి ఆ కుర్చీ సంపాదించావు. అది పోకూడదు. విషయం అంతే.

పాలు తాగు, పెరుగు తిను అని నేను రాయబోవడం లేదు. పోయినసారి వచ్చినప్పుడు ఆ మాట అన్నాను, నువ్వు లేచి వెళ్ళిపోయావు. ఈ కాలం పిల్లలకు ఏడాదికొక మోజు. ఆ తగువు ఉన్నచోటే ఉండనీ. నువ్వు తినే వాటితోనే 11కు చేరాలి.

డ్యూటీ దిగి వచ్చినదానికి నాలుగు రకాలు వండే ఓపిక ఉండదు. కాబట్టి ఒకే గిన్నె, ఒకే మంట. గ్లాసు అంటే రెండువందల మిల్లీలీటర్లు, అంచు దాకా కాదు. బియ్యం అర గ్లాసు, పెసరపప్పు పావు గ్లాసు, ఒక క్యారెట్, గుప్పెడు పాలకూర, ఉప్పు, మిరియాల పొడి. నీళ్ళు రెండున్నర గ్లాసులు. సన్నని మంట మీద మూతపెట్టి పాతిక నిమిషాలు. దింపాక అర నిమ్మకాయ పిండు. పాలకూరలో ఉన్న ఇనుము నీ ఒంటికి అందాలంటే ఆ పులుపు కావాలి.

సోమవారం నుంచి శుక్రవారం దాకా వండాలి. ఏడింటికి కూర్చుని తినాలి. ప్రతి పూటా నాలుగు గడుల్లో రాసి పంపాలి: కొలత, పట్టిన నిమిషాలు, మిగిలింది ఎంత, తిన్న సమయం. అవే రోజుల్లో నేనూ అదే వండి ఏడింటికే తింటాను. నేను చేసి చూడని లెక్క ఇంకొకరికి ఇవ్వడం నాకు అలవాటు లేదు.

ఫోన్ చేయకు. నాకు సగం వినబడదు. ఆ సగంలోనే నువ్వు అసలు సంగతి చెప్తావు.

మీ అమ్మమ్మ


జూన్ 9

అమ్మమ్మా,

కవరు మీద నీ అక్షరాలు చూసి మా స్టోరు కీపరు "ఏమ్మా, కోర్టు నోటీసా?" అన్నాడు. "అంతకంటే పెద్దది, తూనికలు కొలతల శాఖలో రిటైరైన ఇన్‌స్పెక్టరు దగ్గర్నుంచి" అన్నాను. పాపం, వెంటనే తన బల్ల మీద కాటా సరిచేసుకున్నాడు.

నా గది ఒక లాండ్రీ పైన. ఇస్త్రీ ఆవిరికి పగలంతా నేల వెచ్చగా ఉంటుంది, చెప్పులు అక్కర్లేదు. ఒకటే మంట ఉన్న స్టవ్వు. గిన్నె కూడా ఒకటే. ఎంత పడుతుందని ఎలాగూ అడుగుతావు కాబట్టి నీళ్ళు పోసి కొలిచాను: లీటరున్నర, అంచు దాకా. మూత మాత్రం ఏదో పెద్ద గిన్నెది, టోపీలా దిగుతుంది.

ఇప్పుడు నా పని స్టోరులో గొలుసులు, కొక్కేలు లెక్కపెట్టడం. నా క్రేను వేరే ఆయన నడుపుతున్నాడు. ఆయన బరువు ఎత్తితే కింద అందరూ తలలు పట్టుకుంటారు. కుదుపులాయన అని పేరు పెట్టాం. కింద నిలబడి రేడియోలో నాకు దారి చెప్పే సిగ్నల్ బాబాయి నిన్న నా దగ్గరికి వచ్చి, "ఓ పైపిల్లా, తొందరగా రక్తం పట్టించుకుని ఎక్కవే, నా ఆయుష్షు తగ్గిపోతోంది" అన్నాడు. నవ్వాను గానీ, ఆయన గొంతు రేడియోలో కాకుండా ఎదురుగా వింటుంటే ఎవరో కొత్తవాళ్ళలా అనిపించింది.

నీ లెక్క ఇదిగో. జూన్ 8: కొలత నువ్వు చెప్పినట్టే. నిమిషాలు 25. మిగిలింది ఏమీ లేదు. తిన్న సమయం 7. బాగుంది.

డాక్టరు కాగితం వచ్చింది కాబట్టే రాశావని తెలుసు. అయినా రాశావు.

నీ మనవరాలు


జూన్ 14

మనవరాలికి,

నీ గిన్నె కొలత నోటు పుస్తకంలో ఎక్కించాను. టోపీ మూత మీద ఒక బరువు పెట్టు.

నా లెక్క: బుధవారం ముప్పై ఒక్క నిమిషాలు పట్టింది. అడుగంటింది. దింపుతుంటే గిన్నె అంచు తగిలి మణికట్టు దగ్గర అంగుళం మేర కాలింది, పెద్దదేం కాదు. ఈ మోకాళ్ళతో అంతసేపు నిలబడటం కష్టమై కుర్చీ వంటింట్లోకి జరుపుకున్నాను. కింద కొట్టు పెట్టుకున్న టైలరు, "ఏంటి మేడమ్‌గారూ, ఈమధ్య సాయంత్రాలు గరిటె చప్పుడు వినబడుతోంది, చుట్టాలు వచ్చారా?" అని అడిగాడు. రాలేదని చెప్పాను. "మరి ఎవరికి వండుతున్నారు?" అన్నాడు. బట్టలు కుట్టేవాడికి ఇన్ని ప్రశ్నలు ఎందుకో.

ఏడింటికి కూర్చున్నాను. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి గోడ గడియారాన్ని చూస్తూ తిన్నాను.

రెండో గిన్నె: మసూర్ పప్పు అర గ్లాసు, గోధుమ నూక అర గ్లాసు, టమాటాలు రెండు, పాలకూర ఒక కట్ట, ఉల్లిపాయ, నీళ్ళు మూడు గ్లాసులు. అన్నీ ఒకేసారి వేసి ముప్పై నిమిషాలు. నిమ్మకాయ మరిచిపోకు.

"బాగుంది" అనేది నాలుగు గడుల్లో ఏ గడిలోదో నాకు తెలియలేదు. ఉప్పు సరిపోయిందా, పప్పు ఉడికిందా రాయి.

మీ అమ్మమ్మ


జూన్ 21

అమ్మమ్మా,

మణికట్టుకు మందు రాసుకున్నావా? పెద్దదేం కాదు అని నువ్వు రాశావంటే అది పెద్దదే.

లెక్క: జూన్ 16, 17, 20, 21. నాలుగు పూటలూ 30 నిమిషాలు. మిగిలింది లేదు. 7 గంటలు. ఉప్పు సరిపోయింది, పప్పు ఉడికింది.

ఇంకో సంగతి. నా గదిలోకి ఒక నర్సు వచ్చింది, అద్దె పంచుకోవడానికి. మంచిదే. మాట తక్కువ. ఆసుపత్రి నుంచి ఆరున్నరకు వస్తుంది, ఇద్దరం కలిసే తింటున్నాం. కాబట్టి ఇకనుంచి ఇద్దరికి కొలత రాసి పంపు. నువ్వు నాకోసం అంతసేపు స్టవ్వు దగ్గర నిలబడక్కర్లేదు. ఏడింటికి కూర్చోకపోయినా ఫర్వాలేదు. నాకు తోడుంది.

నీ మనవరాలు


జూన్ 27

మనవరాలికి,

నర్సు సంగతి చదివాను. మంచిది. మనిషి అన్నాక ఎదురుగా మనిషి ఉండాలి.

ఇద్దరికి కొలత: రెండో గిన్నెకు ఉన్నవన్నీ రెట్టింపు చెయ్యి. పప్పు ఒక గ్లాసు, నూక ఒక గ్లాసు, నీళ్ళు ఆరు గ్లాసులు. టమాటాలు నాలుగు, పాలకూర రెండు కట్టలు.

ఆ అమ్మాయి పాలు తాగుతుందా? తాగితే నీ ఎదుటే తాగుతుందా? నువ్వేమీ అనవా? ఆవిడ తాగితే ఊరుకుని, నేను తాగమంటే లేచి వెళ్ళావంటే, దానికి కారణం ఏ గడిలో రాసుకోవాలో ఆలోచిస్తున్నాను. సరే, వదిలెయ్.

నీ ఐరన్ మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో ఆమెను అడుగు. తిండిలో దొరకని బి12 మాత్ర కూడా నీలాంటి వాళ్ళు వేసుకోవాలి. నర్సుకు తెలిసే ఉంటుంది.

నువ్వు చెప్పినట్టే రేపటినుంచి నేను ఏడింటికి కూర్చోను. కుర్చీ మళ్ళీ ముందుగదిలోకి జరిపాను.

మీ అమ్మమ్మ


జూలై 5

అమ్మమ్మా,

నువ్వు నిజంగానే మానేస్తావని అనుకోలేదు. సరేలే. నీకూ హాయి.

జూన్ 29 నుంచి జూలై 5 దాకా అయిదు పూటలు, ఇద్దరికి కొలత. 30 నిమిషాలు. పొంగలేదు. మిగల్లేదు. 7 గంటలు. నర్సు చాలా బాగుందంది. మాత్రలు వేసుకుంటున్నాను.

స్టోరులో ఎనిమిదివందల పన్నెండు కొక్కేలు ఉన్నాయి. నీకు నచ్చే పని ఇది.

నీ మనవరాలు


జూలై 11

మనవరాలికి,

నీ గిన్నె లీటరున్నర. జూన్ 9 నాటి ఉత్తరం, మొదటి పేజీ. ఇద్దరికని నేను రాసినవి, పప్పు నూక కలిపి రెండు గ్లాసులు, నీళ్ళు ఆరు గ్లాసులు. మొత్తం ఎనిమిది గ్లాసులు, అంటే లీటరూ ఆరువందలు. టమాటాలు, పాలకూర ఇంకా వేయనే లేదు. లీటరున్నర గిన్నెలో అది ఎలా పట్టింది? పట్టడమే కాక పొంగకుండా ఎలా ఉడికింది?

ఆ కొలత రాసేటప్పుడు నేనే చూసుకోవలసింది. చూసుకోలేదు. ఆ తప్పు నాది. కానీ వండినవాళ్ళు ఎవరైనా మొదటి పూటే నన్ను తిట్టుకుంటూ ఉత్తరం రాసి ఉండేవారు.

ఇంకొకటి. తొమ్మిది పూటలూ ముప్పై నిమిషాలే. ఇరవై ఎనిమిది లేదు, ముప్పై మూడు లేదు. ముప్పై నాలుగేళ్ళు దుకాణాల్లో కాటాలు తనిఖీ చేశాను. నిజం తూకం చూపించే ముల్లు కాస్త అటూ ఇటూ ఊగుతుంది. అసలు ఊగని ముల్లు కింద ఎవరిదో వేలు ఉంటుంది.

నాకు అర్థమైంది ఇది. వంట నర్సే చేస్తోంది, తనకు నచ్చింది. నా ఉత్తరాలు వచ్చినప్పుడు ఇద్దరూ చదువుకుని నవ్వుకుంటున్నారు. ముసలావిడ గ్లాసులు, గడులు మంచి కాలక్షేపం. నవ్వుకోండి. కానీ రక్తం సంగతి నవ్వులాట కాదు. ఆగస్టు 19కి ముప్పై తొమ్మిది రోజులున్నాయి.

మీ అమ్మమ్మ


జూలై 16

అమ్మమ్మా,

నర్సు లేదు.

కింద లాండ్రీకి ఆసుపత్రి దుప్పట్లు వస్తాయి. వాటి మీద ముద్ర చూస్తూ మెట్లెక్కుతుంటే ఒక నర్సును కల్పించాలని తట్టింది. ఆరున్నరకు వస్తుందని కూడా అందుకే రాశాను. దుప్పట్ల బండి ఆరున్నరకే వస్తుంది. నీ మణికట్టు కాలిందని, మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయని రాశావు కదా. నాకు తోడుందంటే నువ్వు కూర్చుంటావు, నిలబడవు అనుకున్నాను. నువ్వు మానేశావని తెలిశాక మాత్రం, ఎప్పుడెప్పుడు వదిలించుకుందామా అని చూస్తున్నావేమో అనిపించింది. చెప్పింది నేనే, ఏడ్చిందీ నేనే.

వండింది ఒక్కసారే, జూన్ 8న. పాతిక నిమిషాలు కాదు, నలభై పట్టింది. కంచంలో పెట్టుకుని ఏడింటికి కూర్చున్నాను. "పాలు ముట్టనివాళ్ళకు నా ఇంట్లో కంచం లేదు" అన్నావు చూడు, ఆ మాట వచ్చి ఎదురుగా కూర్చుంది. ముద్ద దిగలేదు. పొద్దున్నే పారబోశాను. అప్పటినుంచి మామూలే, స్టవ్వు దగ్గరే నిలబడి టీ, రొట్టె. మాత్రలు కూడా టీతోనే. పన్నెండో తారీఖున మళ్ళీ రక్తం చూశారు. 8.7.

మోజు అని రాశావు. అదీ చెప్పేస్తాను. నువ్వు మాట సాయం చేసి పాల ఫ్యాక్టరీలో లారీలు తూచే వేబ్రిడ్జి మీద ఉద్యోగం ఇప్పించావు, ఎనిమిది నెలలు చేసి మానేశాను, నిలకడ లేదన్నావు. వారానికి రెండుసార్లు ఒక చిన్న లారీ వచ్చేది. అందులో మగదూడలు. మూడు రోజులవి, నాలుగు రోజులవి. పాలివ్వవు కదా, అందుకని పంపేసేవారు. నేను లారీ తూచి, ఖాళీ లారీ బరువు తీసేసి, మిగిలింది చీటీలో రాసి సంతకం పెట్టేదాన్ని. ఒకరోజు ముల్లు నిలబడేదాకా చాలాసేపు పట్టింది. లోపల అవి కదులుతున్నాయి. ఆ రోజు నుంచి తాగలేకపోయాను. నీ దగ్గరికి వచ్చినప్పుడల్లా పెరుగు గిన్నె నీకు కనబడకుండా వెనక్కి నెట్టేదాన్ని. నువ్వు ఇప్పించిన ఉద్యోగం. ఎలా చెప్పను?

ఇక తిట్టు.

నీ మనవరాలు


జూలై 20

పిల్లా,

తిట్టను. ముందు నా లెక్క చూడు.

జూన్ 28 నుంచి జూలై 18 దాకా ఇరవై ఒక్క రోజులు. వండిన రోజులు సున్నా. తిన్నది టీ, రొట్టె, రెండు పూటలు అదీ లేదు. నీకు తోడు దొరికిందన్నాక స్టవ్వు వెలిగించడానికి నాకు కారణం కనబడలేదు. ఎంత దూరంలో ఉన్నా ఇద్దరం ఒకే పనికిమాలిన తిండి తిన్నాం. టైలరు, "గరిటె చప్పుడు ఆగిపోయిందేంటి మేడమ్‌గారూ" అని పైకి వచ్చి అడిగాడు. తలుపు వేసేశాను.

లెక్కల పుస్తకంలో తప్పు పడితే చెరపకూడదు. చెరిపితే దొంగతనం. దాని మీద ఒకే గీత కొట్టి, కింద ఏముందో కనబడేలా ఉంచి, పక్కన తేదీ వేసి సంతకం చేయాలి. "పాలు ముట్టనివాళ్ళకు నా ఇంట్లో కంచం లేదు" అనే వాక్యాన్ని ఇవాళ నా పుస్తకంలో రాసి, దాని మీద గీత కొట్టి, సంతకం చేశాను. అనలేదని అనను. అన్నాను. తప్పు.

ఆ ఫ్యాక్టరీ వేబ్రిడ్జికి మూడేళ్ళు వరుసగా సర్టిఫికెట్ ఇచ్చినదాన్ని నేనే. పది కిలోల తేడా కూడా లేని కాటా అని మెచ్చుకున్నాను. దాని మీదికి ఏం ఎక్కిస్తున్నారో చూడటం నా పని కాదనుకున్నాను. నిన్న చాలాసేపు దాని గురించే ఆలోచించాను. నేను ఇప్పుడు పెరుగు మానేశానని రాస్తే అది నీకోసం వేసిన వేషం అవుతుంది, కాబట్టి రాయను. కానీ ఏడింటి గిన్నె విషయంలో నువ్వు తిననిది నేనూ తినను.

ఇక నీ తప్పు. టీతో మాత్ర వేసుకుంటే ఆ టీయే దాన్ని ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ నీళ్ళతో వేసుకో. ముందు రెండు గంటలు, తర్వాత రెండు గంటలు టీ ముట్టుకోకు.

నీ గిన్నెకు సరిపోయే మూడో కొలత: అలసందలు అర గ్లాసు, పొద్దున నానబెట్టి వెళ్ళు. బంగాళాదుంప ఒకటి, టమాటా ఒకటి, పాలకూర అర కట్ట, నీళ్ళు మూడు గ్లాసులు. నలభై అయిదు నిమిషాలంటున్నాను. ఎన్నయ్యాయో నువ్వు చెప్పు. మాడితే మాడిందని రాయి. పారబోస్తే పారబోశానని రాయి.

నా కుర్చీ వంటింట్లోకి వచ్చేసింది. ఏడింటికి ఉంటాను.

మీ అమ్మమ్మ


ఆగస్టు 4

అమ్మమ్మా,

నిజం లెక్క. నిమిషాలు వరుసగా: 58, 41, 37, 62, 44, 40, 29 (ఇది మాడింది), 43, 46. మిగిలింది: మొదటి రోజు సగం, నాలుగో రోజు ముప్పావు, తర్వాత తర్వాత చెంచాడు. సమయం 7, 7:20, 7, 7:05, ఇలా. ఒకరోజు నిమ్మకాయ లేక పచ్చి టమాటా కొరికాను, అది లెక్కలోకి వస్తుందో లేదో.

మాడిన రోజు లాండ్రీ ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "అమ్మాయ్, కాలుతున్నది నీ అన్నమా, నా దుప్పట్లా?" అంది. నా అన్నమే అన్నాను. "హమ్మయ్య" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. కూర్చోమన్నాను. ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తారంది. నిలబడే ఒక చెంచా నోట్లో వేసుకుని, "ఉప్పు వేయడం మరిచిపోయావ్" అని వెళ్ళిపోయింది. ఆవిడ మెట్లు దిగే చప్పుడు అయిపోయేదాకా విన్నాను. తర్వాత ఉప్పు వేసుకుని తిన్నాను.

గదిలో అలసందలు ఉడుకుతున్న వాసన నిండితే ఇంట్లో ఎవరో ఉన్నట్టు ఉంటుంది. తిన్నాక, గిన్నె కడిగాక, ఎవరూ లేనట్టు ఉంటుంది. ఆ మధ్యలో ఏడింటికి నువ్వు గడియారం చూస్తుంటావని అనుకుంటాను.

నిన్న పరీక్ష: 9.8. సిగ్నల్ బాబాయికి చెప్తే టోపీ తీసి క్రేనుకు దండం పెట్టాడు.

నీ పైపిల్ల (ప్రస్తుతం కిందపిల్ల)


ఆగస్టు 19, సాయంత్రం

అమ్మమ్మా,

10.7.

రెండుసార్లు చూడమన్నాను. రెండుసార్లూ అంతే. డాక్టరు సెలవులో ఉన్నాడు, వచ్చే శుక్రవారం, ఇరవై ఆరో తారీఖున వచ్చి కాగితం మీద సంతకం పెడతాడు. రక్తం తీసిన ల్యాబ్ ఆయన నా ముఖం చూసి మెల్లగా అన్నాడు, "అమ్మా, 10.7ను దగ్గరి అంకెకు సవరిస్తే పదకొండే కదా. నేను పదకొండు అని రాసేస్తాను, ఎవరు అడుగుతారు?" కాగితంలో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంచాడు. రేపు చెప్తానని వచ్చేశాను. ఆ రేపును గురువారం దాకా సాగదీస్తాను.

నాకు ఆ కుర్చీ కావాలి అమ్మమ్మా. పైన గాజు గదిలో పది గంటలు ఒక్కదాన్నే ఉంటాను, కానీ అక్కడ ఒంటరిగా ఉండటమే పని. ఎవరూ లేరని అనిపించదు. కింద అందరి మధ్యా ఉంటాను. అప్పుడే తెలుస్తుంది నాకు ఎవరూ లేరని. పైగా కింద పనివాళ్ళకు శని, ఆదివారాలు సెలవు. ఆ రెండు రోజులంటేనే భయం నాకు. పైన ఉన్నవాళ్ళకు ఆ బాధ లేదు.

0.3 మాత్రమే తక్కువ. కళ్ళు తిరగడం లేదు. మెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతున్నాను. నువ్వు ఏమంటే అదే చేస్తాను. ఎలాగైనా గురువారంలోపు చేరేలా రాయి.

నీ మనవరాలు


ఆగస్టు 22, సోమవారం

పిల్లా,

నీ ఉత్తరం ఇవాళ పదిన్నరకు వచ్చింది. జవాబు గురువారంలోపు చేరాలి కాబట్టి మధ్యాహ్నం ఆఖరి తపాలాకే వేస్తున్నాను.

మొదట నా సంగతి ఒప్పుకుంటాను. చదవగానే నేనూ సవరించాను. పుస్తకం తెరిచి ఆగస్టు 19 పక్కన పెన్సిలుతో 11 అని రాసి చూసుకున్నాను. ఒక గంట అలాగే ఉంచాను. చూడటానికి చాలా బాగుంది. ముప్పై నాలుగేళ్ళలో ఎన్నో దుకాణాల వాళ్ళు నన్ను బతిమాలారు, "కొంచెమే కదా మేడమ్" అని. ఏ ఒక్కరికీ నా చెయ్యి కదల్లేదు. నీకోసం కదిలింది. అందుకే నాకు భయం వేసింది.

10.7 అంటే 10.7. పదకొండు అని నిర్ణయించినవాళ్ళు నిన్ను ఏడిపించడానికి పెట్టలేదు. నువ్వు పైన కళ్ళు మూసిన ఒక్క క్షణంలో నీ కొక్కేనికి వేలాడే ఇనుము కింద మీ బాబాయి ఉంటాడు. ఆయన టోపీ తీసి దండం పెట్టింది సవరించిన అంకెకు కాదు.

కుర్చీ పోతుంది. నాకు తెలుసు. నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను, పైన ఒంటరిగా ఉండటమే పని అన్నచోట ప్రతిసారీ ఆగాను. నేనూ ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఒక్కదాన్నే బస్సులెక్కి ఊళ్ళు తిరిగాను, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. రిటైరైన మర్నాడు టైలరు మాట్లాడిస్తే ఏడుపొచ్చింది. ఇది ఎవరికీ చెప్పలేదు. నీ అంత ఖచ్చితంగా చెప్పడం నాకు రాలేదు.

మన గిన్నె లెక్క మొదలైన పది వారాల్లో 8.6 నుంచి 10.7కు వచ్చావు. అందులో ఆరు వారాలు దొంగలెక్క రాశావు. అంటే నిజంగా వండింది నాలుగు వారాలు. నాలుగు వారాలకు రెండు. ఇంత మంచి అంకె నా పుస్తకంలో ఇంకొకటి లేదు.

ఇక జరగవలసినవి:

1. గురువారం పొద్దున్నే ల్యాబ్ ఆయన దగ్గరికి వెళ్ళు. 10.7 అని ఆ గడిలో నీ కళ్ళ ముందు రాయించు. మంచి మనసుతో అన్నాడు, కోప్పడకు.

2. శుక్రవారం డాక్టరు సంతకం పెట్టగానే తర్వాతి పరీక్ష ఎప్పుడో కాగితం మీద రాసిమ్మను. నా లెక్క ప్రకారం మూడు నెలలకు, నవంబరు 18. ఆ రోజు కుర్చీ ఖాళీగా ఉంటే మొదటి పిలుపు నీకే ఉండాలని ఆ కాగితంలోనే రాయించు.

3. క్రేను గది రెండో తాళం ఇంకా నీ దగ్గరే ఉండి ఉంటుంది, అది కుదుపులాయన చేతికి నువ్వే ఇవ్వు. ఇంకొకరి చేత పంపకు. బరువు ఎలా మెల్లగా ఎత్తాలో ఆయనకు చెప్పు. వినకపోతే మళ్ళీ చెప్పు.

4. మాత్రలు, నిమ్మకాయ నీళ్ళు, టీకి దూరం. మార్పు లేదు.

5. సోమవారం నుంచి శుక్రవారం దాకా గిన్నె, ఏడు గంటలు. మార్పు లేదు.

6. కింద పనివాళ్ళకు శని, ఆదివారాలు సెలవన్నావు. సెప్టెంబరు 2, శుక్రవారం సాయంత్రం డ్యూటీ దిగగానే బస్సెక్కు. మర్నాడు పొద్దునకు ఇక్కడ ఉంటావు. తర్వాతి శుక్రవారం కూడా. ఆ పై శుక్రవారం కూడా. ఎన్నని నేను లెక్కపెట్టను.

7. శనివారం ఏడింటికి వంట నువ్వు చేస్తావు, నేను ఎదురుగా కూర్చుంటాను. కొలతలు చెప్పను. నిమిషాలు చూడను. నోరు మూసుకుని ఉండటానికి ప్రయత్నిస్తాను, హామీ మాత్రం ఇవ్వలేను.

మీ అమ్మమ్మ